ఆర్‌సీ బుక్కులో లేని వైరింగు

"ఏ ఏడాది బండి?"

ఆటోనగర్‌లో విడిభాగాల కొట్టు మెట్లెక్కి, అంబాసిడర్‌కు వైరింగ్ సెట్ కావాలనగానే కౌంటరు వెనకనున్న కుర్రవాడు అడిగిన ప్రశ్న అది. 1983 అని చెప్పాను. రెండు నిమిషాల్లో అటక మీద నుంచి ప్లాస్టిక్ సంచిలో చుట్టలు చుట్టి ఉన్న సెట్ ఒకటి దించి, దుమ్ము దులిపి, బల్ల మీద పెట్టాడు. అతని ప్రశ్న సహజమైనదే. నా జవాబు ఆర్‌సీ బుక్కు ప్రకారం నిజమే. అయినా ఆ జవాబును నమ్మి ఆ సెట్ బండికి బిగించుకుని ఉంటే, నీళ్లలో మునిగి బయటపడిన బండిని నేనే చేజేతులా తగలబెట్టుకుని ఉండేవాణ్ని.

పాత బండికి కొత్త వైరింగు ఎంచుకునేవారు ఆర్‌సీ బుక్కులోని ఏడాదిని పక్కనపెట్టి, ఇన్నేళ్లలో ఆ బండి ఏమేం మార్చుకుందో ముందుగా లెక్క రాసుకోవాలని నా అభిప్రాయం. ఇంత చిన్న మాటకు ఇంత పెద్ద వ్యాసం ఎందుకంటే, నాకు తెలిసినవారిలో ముగ్గురు ఈ మాట ఒప్పుకోలేదు, వారిలో ఇద్దరి వాదనలో కొంత న్యాయం కూడా ఉంది.

మునిగిన తీగ

2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు పొంగి విజయవాడ సింగ్ నగర్ మీదికి వచ్చినప్పుడు బండి అక్కడే, మా పిన్ని ఇంటి ముందు ఉంది. నీరు సీట్ల పైదాకా నిలిచింది. నీరు తీశాక ఇంజిను విప్పించాం, సీట్లు మార్పించాం, బండి కదిలింది. వైరింగు మాత్రం ఎక్కడ పనిచేయకపోతే అక్కడ తెంపి, ముక్క అతికి, టేపు చుట్టించాం. అది మా బాబాయి సలహా. "వైర్లదేముందిరా, రంగుకు రంగు కలిపితే సరిపోతుంది" అన్నాడు. ఆయన నలభై ఏళ్లు లారీలు తిప్పిన మనిషి కావడంతో నేను ఎదురు చెప్పలేదు.

ఎనిమిది నెలల తరవాత, మే నెలలో ఒక సాయంత్రం గుంటూరు నుంచి తిరిగివస్తూ కనకదుర్గ వారధి ఎక్కేసరికి డ్యాష్‌బోర్డు కింద నుంచి కాలిన వాసన వచ్చింది. పొగ కనిపించేలోగా బండి పక్కకు తీసి, బానెట్ ఎత్తి, బ్యాటరీ టెర్మినల్ లాగేశాను. వెనక ఆగిన ఆటో డ్రైవరు నీళ్ల సీసాతో పరిగెత్తుకొచ్చాడు. నీళ్లు వద్దని అతన్ని ఆపడానికే నాకు ఎక్కువ శ్రమ అయింది.

మరునాడు మా మేస్త్రి, అంటే మా నాన్నగారి కాలం నుంచి ఈ బండి కరెంటు పని చూస్తున్న పెద్దాయన, హెడ్‌లైటుకు పోయే తీగను చివరన కత్తిరించి తొడుగు ఒలిచి చూపించాడు. లోపల రాగి నల్లగా ఉంది. జానెడు వెనక్కి జరిగి మళ్లీ కత్తిరించాడు, అక్కడా నలుపే. మూర దాటాక గాని ఎర్రటి రాగి కనిపించలేదు. తీగ తెగినచోట గాని, లగ్గు (తీగ కొసకు తొడిగే లోహపు ముక్క) బిగించినచోట గాని నీరు చేరితే అక్కడితో ఆగదు. సన్నటి పోగుల మధ్య సందుల్లోంచి, దీపపు వత్తి నూనెను పీల్చుకున్నట్టు, తొడుగు లోపలే పైకి పాకుతుంది. పైన చూస్తే తీగ నిక్షేపంగా ఉంటుంది. లోపల నల్లబడిన పోగులకు కొత్త ముక్క అతికితే అతుకు సరిగా పట్టదు, పట్టనిచోట వేడెక్కుతుంది. ముక్కలు అతికే పద్ధతి ఎండలో పాడైన బండికి కొంతవరకు పనికొస్తుందేమో గాని, మునిగిన బండికి పనికిరాదని ఆ మూరెడు తీగే చెప్పింది.

పొగకు కారణం మాత్రం నలుపు ఒక్కటే కాదు. వరద తరవాత మరమ్మతు చేసిన కుర్రవాడు, పాత ఫ్యూజు పెట్టె తుప్పు పట్టిందని తీసేసి కొత్తరకం బ్లేడు ఫ్యూజులు పెట్టాడు. పాత గాజు ఫ్యూజు మీద 35 అని ఉంది కనుక దానికి దగ్గరగా ఉన్న 30 వేశాడు, పైగా అయిదు తగ్గించానని సంతోషించాడు. చిక్కంతా అక్కడే ఉంది. బ్రిటిష్ కంపెనీ లూకాస్ వారి పాత గాజు ఫ్యూజు మీది 35 అనే అంకె అది కాలిపోయే కరెంటును చెబుతుంది, ఆగకుండా మోయగలిగేది అందులో సగం, సుమారు 17 ఆంపియర్లే. ఇప్పటి బ్లేడు ఫ్యూజు మీది అంకె దాదాపుగా మోయగలిగే కరెంటునే చెబుతుంది. అక్కడ ఉండవలసింది 15. రెట్టింపు ఫ్యూజు వెనక సన్నటి తీగ ఉంటే, కాలిపోయే పని ఫ్యూజు మానేసి తీగ చేస్తుంది.

నాన్నగారి చిట్టా

మా నాన్నగారికి రైసు మిల్లు లెక్కలతోపాటు బండి లెక్క కూడా రాసే అలవాటు ఉండేది. పొడుగాటి చిట్టా పుస్తకంలో ఆయిలు మార్చిన తేదీల మధ్య, ఇప్పుడు చదివితే ఈ బండి జాతకం అంతా ఉంది. 1996లో బ్యాటరీని ఛార్జి చేసే డైనమో తీసి, అదే పని చేసే కొత్తరకం ఆల్టర్నేటర్ వేయించారు. 2001లో హెడ్‌లైట్లకు హాలోజన్ బల్బులు వచ్చాయి. ఆ తరవాత టేప్‌రికార్డరు, సిగరెట్ లైటరు స్థానంలో ఫోన్ చార్జరు, రెండు హారన్లు, డ్యాష్‌బోర్డు కింద, ఛార్జింగు కరెంటును ముల్లుతో చూపే ఒక అమ్మీటరు. వీటిలో ఏదీ ఆర్‌సీ బుక్కులో ఉండదు. కొట్లో సెట్ దించిన కుర్రవాడికి తెలిసే అవకాశమూ లేదు.

ఆ సెట్‌ను వాపసు షరతు మీద ఇంటికి తెచ్చి, పాత వైరింగును బండిలోంచి ముక్కచెక్కలు కాకుండా ఊడదీసి, వసారాలో రెండింటినీ పక్కపక్కన పరిచాం. పొడవులు ఇంచుమించు కలిశాయి, రంగులూ కలిశాయి. బాబాయి చూసి, "ఇంకేం, అచ్చు గుద్దినట్టుంది" అన్నాడు. నేను హెడ్‌లైట్ల నీలం తీగ కొస ఒలిచి పోగులు లెక్కపెట్టాను. 14 వచ్చాయి.

ఈ పోగుల లెక్క తెలియకపోతే మిగతా వాదన తేలదు. బండి తీగలను 14/0.30, 28/0.30, 44/0.30 అని పిలుస్తారు, అంటే 0.30 మిల్లీమీటర్ల మందం గల పోగులు అన్ని ఉన్నాయని అర్థం. 14 పోగుల తీగ ఒక చదరపు మిల్లీమీటరు, 28 పోగులది రెండు. పాత బ్రిటిష్ లెక్కలో మొదటిది 8.75 ఆంపియర్లు, రెండోది 17.5 ఆంపియర్లు మోస్తుంది. ఆ కాలపు 45/40 వాట్ల (బ్రైటు/డిమ్ము) బల్బులు రెండు కలిపి బ్రైటులో 90 వాట్లు, అంటే 12 వోల్టుల దగ్గర ఏడున్నర ఆంపియర్లు. 14 పోగులకు అది చాలినంతే. 60/55 హాలోజన్లు రెండు కలిస్తే 120 వాట్లు, పది ఆంపియర్లు. అంటే 1983కు సరిగ్గా సరిపోయే ఆ సెట్ 2001కే సరిపోదు. తయారుచేసినవాడు మోసం చేయలేదు, పాత నమూనాకు నమ్మకంగానే చేశాడు. నా బండే ఆ నమూనాలో లేదు.

ఛార్జింగు తీగ కథ ఇంకా ముదిరినది. ఈ తరహా బండ్లకు వచ్చిన డైనమో 22 ఆంపియర్ల దాకా ఇచ్చేది, దానికి 44 పోగుల తీగ హాయిగా చాలు. మా ఆల్టర్నేటర్ 35 దాకా ఇస్తుంది. అదీగాక సెట్‌లో, డైనమో ఛార్జింగును అదుపుచేసే పాత కటౌట్ పెట్టెకు పోవలసిన తీగలు ఉన్నాయి, మా బండిలో ఆ పెట్టే లేదు. ఆ తీగలను ఏం చేయాలని కొట్లో ఫోన్ చేసి అడిగితే, "ఎలక్ట్రీషియన్ చూసుకుంటాడు సార్, టేపు చుట్టేస్తాడు" అన్నారు. కొసన ఏమీ లేని, కరెంటు ఉన్న తీగకు టేపు చుట్టి బానెట్ కింద వదిలేయడం అనే ఆలోచన నాకు నచ్చలేదు.

మూడో సంగతి, అంబాసిడర్ అనే పేరు కింద 1489 సీసీ పెట్రోలు బండీ ఉంది, డీజిలు బండీ ఉంది, తొంభైలలో ఇసుజు ఇంజినుతో వచ్చిన బండీ ఉంది. డీజిలుకు నిప్పురవ్వ కోసం ఉండే కాయిల్ తీగ అక్కరలేదు, ఇంజినును ముందుగా వేడిచేసే హీటర్ ప్లగ్గుల తీగ కావాలి. అంబాసిడర్ తయారైన ఉత్తరపారా కర్మాగారం 2014 మేలో ఆగిపోయింది కాబట్టి ఇప్పుడు బజారులో "కంపెనీ సెట్" అన్న మాటకు పెద్దగా అర్థం లేదు. ఎవరో ఎక్కడో ఒక బండి వైరింగును చూసి కట్టినదే ఉంటుంది, ఆ చూసిన బండి ఏదో మనకు తెలియదు.

మసక వెలుగు గురించి

హెడ్‌లైట్లు మసకగా ఉన్నాయని చాలామంది బల్బు మారుస్తారు. నేనూ ఒకసారి 100/90 బల్బులు వేయించాను, వెలుగు పెరిగినట్టే పెరిగి స్విచ్చి దగ్గర వాసన మొదలైంది. వైరింగు తీసేముందు మేస్త్రి చేత ఒక కొలత తీయించాను. అప్పటికి మామూలు 60/55 బల్బులే ఉన్నాయి. ఇంజిను నడుస్తుండగా బ్యాటరీ దగ్గర 14 వోల్టులు, బల్బు హోల్డరు దగ్గర 11.1. మధ్యలో దాదాపు మూడు వోల్టులు తీగలు, స్విచ్చిలు, తుప్పుపట్టిన ఎర్తు కలిసి తినేస్తున్నాయి. రాగి తీగ ఒక చదరపు మిల్లీమీటరుది మీటరుకు 17 మిల్లీ ఓముల నిరోధం చూపిస్తుంది. బ్యాటరీ నుంచి డ్యాష్‌బోర్డుకు, అక్కడి నుంచి స్విచ్చిలు తిరిగి మళ్లీ ముందుకు అయిదు మీటర్లు పోయేసరికి పది ఆంపియర్ల దగ్గర 0.85 వోల్టు మంచి తీగలోనే పోతుంది, మిగతాది పాతదనం ఖాతా. ఫిలమెంటు బల్బు వెలుగు వోల్టేజీతోపాటు నిదానంగా తగ్గదు, చాలా వేగంగా పడిపోతుంది. వోల్టేజీ పదో వంతు తగ్గితే వెలుగు దాదాపు మూడో వంతు పోతుంది. 13.5 అందవలసినచోట 11.1 అందితే వెలుగు సగమే మిగులుతుంది. అప్పుడు ఎక్కువ వాట్ల బల్బు వేస్తే అది ఇంకా ఎక్కువ కరెంటు లాగి, దారిలో ఇంకా ఎక్కువ పోగొట్టి, తీగను ఇంకా వేడి చేస్తుంది.

దీనికి మందు రిలే, అంటే చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్చి, అని అందరికీ తెలుసు. బ్యాటరీ నుంచి లావాటి తీగ, ఫ్యూజుతో సహా, రిలే ద్వారా నేరుగా బల్బులకు పోవాలి, డ్యాష్‌బోర్డు స్విచ్చి రిలేను మాత్రమే ఆడించాలి. అయితే తయారు సెట్‌లో రిలేకు చోటు లేదు, హెడ్‌లైట్ల దారిలో ఫ్యూజు కూడా లేదు. పాత బ్రిటిష్ పద్ధతిలో రెండే ఫ్యూజులు ఉండేవి, రాత్రి వేళ ఒక్కసారిగా చీకటి పడకూడదని హెడ్‌లైట్లను ఫ్యూజు బయటే ఉంచేవారు. ఆ ఆలోచనలో కొంత సబబు ఉందని ఇప్పటికీ అనిపిస్తుంది. అందుకే ఎడమకు ఒకటి, కుడికి ఒకటి విడి ఫ్యూజులు పెట్టించాను.

ఒప్పుకోనివారు

గుంటూరులో నా మిత్రుడొకరికి 1968 ఫియట్ 1100 ఉంది. అతని అభిప్రాయంలో నేను చేసినది బండికి చేసిన అపచారం. కంపెనీ ఏ తీగ ఎక్కడ పెట్టిందో అదే ఉండాలి, లేకపోతే అది పాత బండి కాదు, పాత రేకులోపల కొత్త బండి అంటాడు. 2021లో వచ్చిన నిబంధనల ప్రకారం వింటేజ్ గుర్తింపుకు మొదటి రిజిస్ట్రేషను నాటి నుంచి యాభై ఏళ్లు దాటి, అసలు రూపం చెడకుండా ఉండాలి. అతని బండి ఆ గీత దాటింది, మాది దాటలేదు. అతనితో వాదించి ఓడిపోయాననే చెప్పాలి, కానీ ఓడిన తీరు గమనించదగ్గది. అతని బండిలో ఇప్పటికీ డైనమో ఉంది, పాత బల్బులే ఉన్నాయి, టేప్‌రికార్డరు లేదు, ఆదివారం ఉదయం తప్ప బయటికి రాదు. అతని బండి పుట్టినప్పటి స్థితిలోనే ఉంది కాబట్టి పాత నమూనా సెట్ దానికి అతికినట్టు సరిపోతుంది. అంటే అతనూ బండి ఉన్న స్థితిని బట్టే ఎంచుకున్నాడు, కాకపోతే ఆ మాట ఒప్పుకోడు.

మా చెల్లెలి దగ్గరున్న 2006 మారుతి 800 విషయంలో నేనే మాట మార్చాను. దాన్లో కంప్యూటరు ఉంది, సెన్సర్లు ఉన్నాయి, తీగల గుత్తులను కలిపే ఒక్కో కప్లర్ ఒక్కో ఆకారంలో అచ్చుపోసి ఉంటుంది. చేత్తో కట్టించడానికి అది తగదు. ఆ బండికి ఎలుకలు తీగలు కొరికినప్పుడు, ఆటోనగర్‌లో తుక్కుకు వచ్చిన అదే మోడలు బండి నుంచి కప్లర్లు తెగకుండా తీసిన వైరింగు తెచ్చి వేయించాం. పాతదే అయినా అది కత్తిరింపు లేనిదీ, నీళ్లలో మునగనిదీ అయితే చాలు.

అసలు నన్ను కలవరపెట్టిన ప్రశ్న మేస్త్రి కొడుకు వేశాడు. అతను తండ్రి పనిలోకి రాలేదు. "మా నాన్న కట్టింది మా నాన్నకే అర్థమవుతుంది, రేపు ఆయన లేకపోతే ఎవరు విప్పుతారండీ?" అన్నాడు. దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు, సగం జవాబు ఉంది. తీగల మందం, ఫ్యూజులు, రిలేలు ఇవాళ్టి అవసరానికి మార్చుకోవచ్చు గాని రంగులు మాత్రం ఒక్కటి కూడా మార్చకూడదు. బ్రౌను అంటే ఎప్పుడూ కరెంటు ఉండేది, తెలుపు అంటే తాళం తిప్పితే వచ్చేది, ఆకుపచ్చ అంటే తాళం తరవాత ఫ్యూజు దాటి వచ్చేది, నీలం హెడ్‌లైట్లు, ఎరుపు పార్కింగు, ఊదా హారను, నలుపు ఎర్తు. ఇది తెలియని ఒక కుర్రవాడు, ఎరుపు అంటే మెయిన్ అనుకుని ఒకసారి మా బండిలో ఎర్ర తీగను బ్యాటరీకి కలిపేశాడు. రాత్రంతా పార్కింగ్ లైట్లు వెలిగి, తెల్లారేసరికి సెల్ఫ్ తిరగలేదు. రంగులు నిలబెడితే, ఎవరైనా చదవగలిగే లిపిలో రాసినట్టవుతుంది. కొత్తగా చేర్చినవాటికి కాగితం మీద బొమ్మ గీసి, లామినేషను చేయించి, గ్లోవ్ బాక్సులో పెట్టాను.

కట్టించిన తీరు

మేస్త్రి పాత వైరింగును పెద్ద చెక్క మీద పరిచి, ప్రతి మలుపు దగ్గర మేకు కొట్టి, ఆ మేకుల వెంట కొత్త తీగలు లాగాడు. తీగ కొనడానికి మాత్రం నేనే వెంట వెళ్లాను, ఎందుకంటే మోసం జరిగే చోటు అదే. రాగి పూత పూసిన అల్యూమినియం తీగ బజారులో పుష్కలంగా ఉంది, రంగు చూస్తే తేడా తెలియదు. దాని వాహకత రాగిలో దాదాపు మూడింట రెండు వంతులే, లగ్గులో నొక్కితే కొన్నాళ్లకు సడలుతుంది. పోగును చాకుతో గీకితే లోపల తెల్లగా కనిపిస్తుంది, చుట్టను చేత్తో ఎత్తి చూస్తేనే తేలిగ్గా ఉంటుంది. ఒక కొట్లో నేను గీకబోతే యజమాని చుట్ట లాక్కున్నాడు, ఆ చర్యే నాకు జవాబైంది. ఇంటి వైరింగు తీగ కూడా వద్దు. దాని తొడుగు 70 డిగ్రీలకు చేసినది, మే నెలలో 45 దాటే ఊళ్లో, బానెట్ కింద, ఎగ్జాస్టు పక్కన అది మెత్తబడుతుంది. మోటారు వాహనాల తీగలకు ఐఎస్ 2465 అనే ప్రమాణం ఉంది, అది ముద్రించిన చుట్టలే అడిగాను.

నల్ల ఇన్సులేషన్ టేపు వద్దని కూడా పట్టుబట్టాను. రోహిణి కార్తెలో దాని జిగురు కరిగి, తరవాత ఎప్పుడు విప్పినా చేతులకు బంకలా అంటుకుంటుంది. జిగురు లేని పీవీసీ టేపు దొరుకుతుంది, చుట్టడం ఆలస్యమవుతుంది, అంతే. లగ్గుల దగ్గర మాత్రం మేస్త్రితో వాదనపడ్డాను. ఆయనది ప్రతి లగ్గుకు టంకం పెట్టే చెయ్యి. టంకం పోగుల్లోకి పాకి, అది ఆగినచోట తీగ బిరుసెక్కి, అదురుకు సరిగ్గా అక్కడే తెగుతుందని నా వాదన. "మీ నాన్నగారి బండికి ముప్పై ఏళ్ల కింద పెట్టిన టంకం ఇది, చూడు బాబూ" అని ఒక లగ్గు పట్టి లాగి చూపించాడు, అది ఊడలేదు. చివరికి డ్యాష్‌బోర్డు లోపల ఆయన మాట, ఇంజిను దగ్గర నా మాట చెల్లాయి. ఖర్చు తయారు సెట్‌కు మూడింతలు దాటింది, పని పదకొండు రోజులు పట్టింది.

ఛార్జింగు తీగను 84 పోగులతో, ఆరు చదరపు మిల్లీమీటర్లది, ఆల్టర్నేటర్ నుంచి నేరుగా బ్యాటరీ వైపు వేశాం. ఇప్పుడు బల్బు దగ్గర 13.4 వోల్టులు చూపిస్తోంది.

మిగిలింది అమ్మీటరు. నాన్నగారు బిగించిన అమ్మీటరులోంచి బండి కరెంటు మొత్తం, డ్యాష్‌బోర్డు లోపలి దాకా వచ్చి, వెనక్కి పోతుండేది. ఇంత లెక్క వేసి, లావాటి తీగను మళ్లీ ఆ రెండు నట్ల మధ్యకు తెస్తే చేసిన పనంతా వృథా. తీసేద్దామా అని మేస్త్రి స్క్రూడ్రైవరు పట్టుకుని అడిగాడు. తీగలు తీసేయమన్నాను, మీటరును ఉండనివ్వమన్నాను. మొన్న బాబాయి ముందు సీట్లో కూర్చుని, గన్నవరం దాకా సగం దారి దాన్నే చూస్తూ, "ముల్లు సున్నా మీదే ఉందేంట్రా, ఛార్జింగ్ రావట్లేదు, బండి ఆపు" అన్నాడు.